చివరి వరుసలోని చిన్ని

(కె.జి.ఎఫ్.లో జరిగిన తెలుగు క్రైస్తవ యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కూడికలో ముసలి కుక్కల గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు సంఘ పెద్దలు కొందరు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వకుండా అడిగారు: "ముసలి తల్లిదండ్రులకే దిక్కులేని రోజులివి. ముసలి కుక్కలకు విశ్రాంతి జీవితం ఇవ్వమంటారా?" ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి జవాబు చెప్పకుండా మేము ఈ వేదిక దిగము. కానీ అంతకంటే ముందు మేము చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

నాలుగేళ్ళ క్రితం క్రిస్మస్‌కి మా యువజన సహవాసం ఒక "మంచి పని" చేసింది. బెంగళూరులోని ఒక జంతు సంరక్షణ కేంద్రం నుంచి రెండు కుక్కపిల్లల్ని తెచ్చి, మెడలో ఎర్ర రిబ్బన్లు కట్టి, రెండు కుటుంబాలకు కానుకగా ఇచ్చాం. ఫోటోలు తీసుకున్నాం. అందరూ మెచ్చుకున్నారు. ఒక పిల్ల హాయిగా పెరిగింది. రెండోది చెప్పులు కొరికింది, రాత్రిళ్ళు అరిచింది. ఇంటి ఓనరు గొడవ చేశాడు. వానాకాలం వచ్చేసరికి ఆ కుటుంబం దాన్ని బస్టాండు దగ్గర వదిలేసి వచ్చింది. "అక్కడ హోటళ్ళున్నాయి కదా, తిండికి లోటుండదు" అన్నారు. మేము రెండు వారాలు వెతికాం. దొరకలేదు.

ఆ కుటుంబాన్ని నిందించడం తేలిక. కానీ అది అద్దె ఇల్లా, పగలు ఇంట్లో ఎవరుంటారు, కుక్కను పెంచిన అనుభవం ఉందా అని మేము ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒక ప్రాణాన్ని కేకు పంచినట్టు పంచాం. తప్పు మాది.

ఆ సంగతి చెప్పుకుందామని మళ్ళీ ఆ కేంద్రానికి వెళ్ళాం. అక్కడి పెద్దాయన మమ్మల్ని తిట్టలేదు. "రండి" అని లోపలికి తీసుకెళ్ళాడు. ముందు వరుసల్లో కుక్కపిల్లలు, వాటి ముందు జనం, చేతుల్లో ఫోన్లు. చివరి వరుస దగ్గర ఎవరూ లేరు. అక్కడున్నవన్నీ ఎనిమిదేళ్ళు, పదేళ్ళు దాటిన కుక్కలు. ముందు వరుసల్లో గేటు చప్పుడైతే చాలు, పిల్లలన్నీ లేచి గంతులేస్తున్నాయి. చివరి వరుసలో ఒక్కటీ లేవలేదు. "చాలాసార్లు లేచి చూశాయి. ఇప్పుడు మానేశాయి" అన్నాడాయన.

అవి ఎక్కడి నుంచి వస్తాయని అడిగాం. యజమాని చనిపోతే పిల్లలు తెచ్చి వదిలినవి ఉన్నాయి. విదేశాలకు వెళ్ళేవాళ్ళు, కొత్త ఫ్లాటుకు మారినవాళ్ళు, ఇంట్లో బిడ్డ పుట్టిందని వదిలినవాళ్ళు ఉన్నారు. కళ్ళు మసకబారి కాపలాకు పనికిరాలేదని గేటుకు కట్టేసి పోయినవాళ్ళున్నారు. అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటి. జాతి కుక్కలతో పిల్లల్ని కనిపించి అమ్ముకునేవాళ్ళు, ఈనే వయసు దాటగానే తల్లి కుక్కను రోడ్డు మీదికి తోలేస్తారు. ఆ వ్యాపారానికి 2017లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. పద్దెనిమిది నెలలు నిండని కుక్కను ఈతకు వాడకూడదు, ఒక కుక్క జీవితంలో ఐదు ఈతలు మించకూడదు. నియమం కాగితం మీద ఉంది. ఆ తల్లులు చివరి వరుసలో ఉన్నాయి.

అలాంటి ఒక తల్లే చిన్ని. లాబ్రడార్ కలిసిన జాతి, పదేళ్ళ వయసు ఉంటుందని డాక్టరు అంచనా. మూతి తెల్లబడింది. పొదుగు కిందికి జారిపోయి ఉంది. సిమెంటు నేల మీద ఏళ్ళ తరబడి పడుకోవడం వల్ల మోచేతుల దగ్గర వెంట్రుకలు పోయి కాయలు కాసి ఉన్నాయి. కేంద్రంలో పని చేసే కుర్రాడు దానికి ఆ పేరు పెట్టాడు. కన్నడంలో "చిన్న" అంటే బంగారం. మేము బంగారు గనుల ఊరివాళ్ళమని తెలిసి, "మీ ఊరి పేరే ఇది" అని నవ్వాడు.

ఆ మాట మా టీచరమ్మకు చెప్పాం. ఇక్కడ చాలామందికి ఆవిడ చదువు చెప్పారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. అప్పటికి ఆవిడకు అరవై తొమ్మిదేళ్ళు. సైనైడ్ దిబ్బలు కనబడే లైన్ ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఆవిడ భర్త చాంపియన్ రీఫ్ గనిలో పని చేశారు. మూడు కిలోమీటర్లకు మించిన లోతున్న గని అది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఆ రోజు మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఉత్త చేతులతో వచ్చి కూర్చున్నవాళ్ళే. టీచరమ్మ మాతో అన్నమాట ఇది: "సైరన్ కూస్తే లేచిన మనిషి. గని మూశాక కూడా ఆ వేళకే లేచి కూర్చునేవాడు. రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. పనికొచ్చినన్నాళ్ళే అందరికీ కావాలి, బాబూ. ఆ కుక్కను తీసుకురండి."

మేము వెంటనే సరేననలేదు. ఒకసారి తప్పు చేసినవాళ్ళం కదా. కుక్కపిల్ల అయితే పన్నెండు, పద్నాలుగేళ్ళు బతుకుతుంది. అరవై తొమ్మిదేళ్ళ మనిషికి కుక్కపిల్లను ఇవ్వడం ఇద్దరికీ మంచిది కాదు. అది పెద్దదవుతూ లాగుతుంటే ఆవిడ పడిపోతారు. ముసలి కుక్క అలా కాదు. దానికి పరుగు అక్కర్లేదు. మెత్తని చోటు, వేళకు తిండి, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. అయినా ఈసారి ప్రశ్నలన్నీ అడిగాం. జవాబులు కాగితం మీద రాసుకున్నాం. టీచరమ్మకు జబ్బు చేస్తే కుక్కను ఎవరు చూడాలి, ఆవిడ ముందు వెళ్ళిపోతే ఎవరింటికి తీసుకెళ్ళాలి, మందుల ఖర్చు ఎవరిది, అన్నీ రాసి పన్నెండు మంది సంతకాలు పెట్టాం. నెలకు తలా 250 రూపాయలు, మొత్తం 3,000. ఒక సినిమా, ఒక బిరియానీ మానుకుంటే సరిపోయే డబ్బు.

బెంగళూరు నుంచి వంద కిలోమీటర్లు వ్యానులో తీసుకొచ్చాం. ఇంటి ముందు దింపితే చిన్ని లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడింది. ఇల్లంటే ఏమిటో దానికి తెలియదు. దుప్పటి వేస్తే దాన్ని వదిలి పక్కనున్న సిమెంటు మీద పడుకుంది. మనుషులు చూస్తుంటే తినేది కాదు. టీచరమ్మ తెలుగులో పిలిస్తే తల కూడా తిప్పలేదు. చెవుడనుకున్నాం. ఒకరోజు పాలవాడు వచ్చి "బా ఇల్లి" అన్నాడు. చిన్ని లేచి తోక ఊపుకుంటూ వెళ్ళింది! దానికి వచ్చింది కన్నడం. అప్పటినుంచి టీచరమ్మ దానితో కన్నడంలో మాట్లాడారు. మూడు వారాలకు గడప దాటింది. మూడు నెలలకు ఆవిడ మంచం పక్కన వీపు ఆనించి నిద్రపోయింది. ఆ రోజు ఆవిడ మా అందరికీ ఫోన్ చేసి చెప్పారు.

ముసలి కుక్కను చూసుకోవడంలో మేము నేర్చుకున్నవి నాలుగు మాటలు చెబుతాం. తెలియక చేసిన తప్పులే ఎక్కువ ప్రాణాలు తీస్తాయి కాబట్టి.

మొదటిది, నేల. నున్నటి టైల్స్ మీద ముసలి కుక్క కాళ్ళు జారతాయి. కీళ్ళ నొప్పులున్నదానికి అది నరకం. పాత గోనెసంచులు, చాపలు పరిస్తే చాలు. తిండి గిన్నె కింద చిన్న పీట వేస్తే మెడ వంచే బాధ తగ్గుతుంది.

రెండోది, తిండి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. మన ఇంటి కూరలో ఉల్లి లేకుండా ఉండదు, అందుకే మిగిలిన కూర వేయడం ప్రేమ కాదు. ఉడికించిన ఎముకలు చీలి పేగులో గుచ్చుకుంటాయి. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు కారం లేని కోడిమాంసం, గుడ్డు మాకు పనికొచ్చాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నాక డాక్టరు చెప్పినట్టు మార్చాం.

మూడోది, మందులు. మనం ఒళ్ళు నొప్పులకు వేసుకునే పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ కుక్కకు వేయకూడదు. ప్రాణం పోవచ్చు. ఏడాదికి రెండుసార్లు డాక్టరుకు చూపించి రక్త పరీక్ష చేయించాలి. పళ్ళు చూడాలి. పిడుదులు ఏరాలి, వాటితో వచ్చే జ్వరం ముసలి ఒంటికి ప్రమాదం. ఏటా రేబిస్ టీకా తప్పదు. ఆపరేషన్ చేయని ఆడకుక్కకు వయసు పెరిగాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. చిన్నికి ఆ ఆపరేషన్ కేంద్రంలోనే చేసి ఇచ్చారు.

నాలుగోది, ఓర్పు. చిన్ని ఇంట్లో మూత్రం పోస్తే మొదట్లో మాలో ఒకరు గద్దించారు. డాక్టరు చెప్పాడు, అది పొగరు కాదు, జబ్బు అని. కళ్ళు మసకబారిన కుక్కను వెనక నుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవవచ్చు. ముందు నుంచి వచ్చి, పేరు పిలిచి, వాసన చూడనిచ్చి ముట్టుకోవాలి. ఇవన్నీ చదివి "అబ్బో ఇంత పనా" అనిపిస్తే, దయచేసి తీసుకోకండి. తీసుకోకపోవడం పాపం కాదు. తీసుకుని వదిలేయడమే పాపం. చట్టం దృష్టిలో అది నేరం కూడా. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. ఆకలి దప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేస్తే శిక్ష ఉంది. మొదటిసారికి ఆ శిక్ష ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయల జరిమానా. అరవై ఏళ్ళు దాటినా ఆ అంకె అలాగే ఉంది. ఒక ప్రాణాన్ని వదిలేయడానికి టీ, సమోసా ఖరీదు!

ఈ చట్టం వెనక మద్రాసు మహిళ ఒకరున్నారు. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. జంతువుల కోసం సభలో బిల్లు పెట్టింది ఆవిడే. ఇంకా వెనక్కి వెళితే, ప్రపంచంలో మొదటి జంతు సంక్షేమ సంఘాల్లో ఒకటి 1824లో లండన్‌లో మొదలైంది. దాన్ని కూడగట్టినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి. బానిసల వ్యాపారాన్ని ఆపడానికి జీవితమంతా పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ ఆ మొదటి సభ్యుల్లో ఉన్నాడు. సంఘం అప్పులపాలైతే ఆ అప్పుల కోసం బ్రూమ్ జైలుకు కూడా వెళ్ళాడు. మనిషిని సంకెళ్ళలో చూసి ఓర్చుకోలేని హృదయమే గుర్రాన్ని కొరడాతో కొడుతుంటే కూడా ఓర్చుకోలేకపోయింది. వాళ్ళు "ముందు మనుషులు, తర్వాత చూద్దాం" అనుకోలేదు.

ఇక్కడ మన ఇళ్ళకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. మన తాతముత్తాతల్లో చాలామంది ఊళ్ళు వదిలి ఈ గనులకు ఎందుకు వచ్చారు? ఆకలి ఒక్కటే కారణం కాదు. "మమ్మల్ని కుక్కల్లా చూశారు" అని మన ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మాలో చాలామందికి కుక్క అనే మాట తిట్టుగానే తెలుసు. అందుకే మొదట్లో కుక్క కోసం చందా ఎత్తుతుంటే మాకే సిగ్గేసింది. కానీ ఆలోచించండి. కుక్కలా చూడటం అంటే ఏమిటి? అందరూ తిన్నాక పెట్టడం. ఇంటి బయట ఉంచడం. పని ఉన్నంతకాలం వాడుకుని, ముసలితనంలో తోలేయడం. కుక్కను అలా చూడవచ్చని లోకం ఒప్పుకుంది కాబట్టే మనిషిని కూడా అలా చూడటానికి దానికి ఒక పద్ధతి దొరికింది. ఆ పద్ధతే తప్పని చెప్పాల్సినవాళ్ళం మనం. దాని రుచి తెలిసినవాళ్ళం మనమే కదా.

వాక్యం కూడా మనకు ఇదే నేర్పుతుంది. ద్వితీయోపదేశకాండము ఐదో అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ చదవండి. ఆ విశ్రాంతి యజమానికొక్కడికే కాదు. దాసుడికీ దాసికీ ఎద్దుకూ గాడిదకూ ఉంది. యోనా గ్రంథం చివరి మాటల్లో దేవుడు నీనెవె మనుషుల మీద జాలితో పాటు అక్కడి పశువులను కూడా తలచుకుంటాడు. లాజరు ధనవంతుడి వాకిట్లో పుండ్లతో పడి ఉంటే అతని దగ్గరికి వచ్చినవి కుక్కలే. లోపల విందు చేసుకుంటున్నవాళ్ళలో ఒక్కరూ రాలేదు.

ఇంకో అభ్యంతరం కూడా మాకు తెలుసు. "వీధికుక్కలు మా పిల్లల్ని కరుస్తున్నాయి. మీరు వాటికి దుప్పట్లు కప్పుతున్నారు" అంటారు. తెల్లవారకముందే పనికి వెళ్ళే పారిశుద్ధ్య కార్మికులు, వాడల్లో ఆడుకునే పిల్లలు, వీళ్ళకే కాటు భయం ఎక్కువ. దాన్ని మేము తేలిక చేయడం లేదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బూ నీళ్ళతో కడిగి, అదే రోజు టీకాకు వెళ్ళాలి. పసుపు, కారం పూయకూడదు. కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు, వీధుల్లో చెత్త తీయడం, ఇవన్నీ మున్సిపాలిటీని నిలదీసి అడగాల్సినవి. అయితే రోడ్డు మీదికి కుక్కను తోలేవాళ్ళు ఉన్నంతకాలం రోడ్డు మీద కుక్కలు ఉంటూనే ఉంటాయి. ఇంట్లో పుట్టి ఇంట్లో పెరిగిన కుక్క ముసలితనంలో రోడ్డున పడితే అది ఆకలితో, భయంతో ఉంటుంది. దాన్ని ఇంటికి తేవడం పిల్లల భద్రతకు అడ్డం కాదు.

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకు వద్దాం. ముసలి తల్లిదండ్రుల సంగతేమిటి?

చిన్నికి మందు వేయడానికి మేము వంతులు వేసుకున్నాం. ఈరోజు ఒకరు, రేపు ఒకరు టీచరమ్మ ఇంటికి వెళ్ళేవాళ్ళం. రెండో నెలలో మాకొక సంగతి తెలిసింది. ఆవిడ ఇంట్లో ట్యూబులైటు పాడై ఐదు నెలలైంది. ఆవిడ బీపీ మాత్రలు సగం సగం వేసుకుంటున్నారు. మాకు అక్షరాలు దిద్దించిన మనిషి ఇంటికి మేము మూడేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు! ఆదివారం చర్చి మెట్ల మీద "వందనాలమ్మా" అని చెప్పి, అదే పలకరింపు అనుకున్నాం. కుక్క మందు కోసం వెళ్ళాకే ఆవిడ మందులు కనబడ్డాయి. ఇది మాకు గొప్ప కాదు, సిగ్గు. కానీ అయ్యగారూ, మీ ప్రశ్నకు మా దగ్గరున్న నిజమైన జవాబు ఇదే. ఒక ముసలి ప్రాణాన్ని చూడటం నేర్చుకున్న కళ్ళకు రెండోది కూడా కనబడుతుంది. ఇప్పుడు మా వంతుల పట్టీలో ఏడుగురు వృద్ధులున్నారు.

చిన్ని పంతొమ్మిది నెలలు టీచరమ్మ దగ్గర ఉంది. చివరికి మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. తిండి మానేసింది. సెలైన్ పెట్టించాం. పది రోజుల తర్వాత డాక్టరు చెప్పాడు, ఇక బాధ పెరగడమే తప్ప తగ్గదు, నొప్పి లేకుండా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు అని. మాలో వాదన జరిగింది. ప్రాణం దేవుడిది, మనం ముట్టకూడదని కొందరు. ఊపిరి కోసం తన్నుకుంటుంటే చూస్తూ ప్రార్థన చేయడం మన కోసమా, దాని కోసమా అని కొందరు. ఆ రాత్రి అందరం టీచరమ్మ ఇంట్లోనే ఉన్నాం. తెల్లవారాక ఆవిడే నిర్ణయం చెప్పారు. డాక్టరును ఇంటికి పిలిచాం. గోనెసంచి మీద కాదు, దుప్పటి మీదే పడుకుని ఉంది. టీచరమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కన్నడంలో ఏదో చెబుతూనే ఉన్నారు. మాలో అందరి మనసూ ఆ నిర్ణయంతో ఇప్పటికీ ఏకీభవించలేదు. కానీ అది ఒంటరిగా పోలేదు. ఆ ఒక్క మాట మీద అందరం ఒకటే.

చివరిగా మీకు మా మనవి. క్రిస్మస్‌కి కుక్కపిల్లను కొనకండి, కానుకగా ఇవ్వకండి. ఇప్పటికే ఇంట్లో కుక్క ఉంటే, అది ముసలిదయ్యాక కూడా ఇంట్లోనే ఉండాలని ఈరోజే నిర్ణయించుకోండి. ఇల్లూ ఓపికా డబ్బూ ఉన్నవాళ్ళు ఒక్కసారి చివరి వరుస దాకా నడవండి. ఒక్కరి వల్ల కాకపోతే పదిమంది కలవండి, మేము కలిసినట్టు. పాత దుప్పట్లు, గోనెసంచులు, ఒక నెల మందులు ఇచ్చినా మేలే. టపాకాయలు కాల్చే రాత్రి మీ వీధిలో వణుకుతున్న ముసలి కుక్కకు మెట్ల కింద కాస్త చోటిచ్చినా మేలే.

చిన్ని పోయిన రెండు నెలలకు ఒక ఆదివారం టీచరమ్మ చర్చి మెట్ల మీద మమ్మల్ని ఆపారు. ఇప్పుడు ఆవిడకు డెబ్భై దాటాయి. కర్ర పట్టుకున్నారు. "ఆ చివరి వరుసలో ఇంకెవరున్నారో కనుక్కుని చెప్పండి" అన్నారు. వచ్చే శనివారం బెంగళూరు వెళ్తున్నాం. వ్యానులో చోటుంది. రాదలచినవాళ్ళు కూడిక అయ్యాక మా దగ్గర పేరు ఇవ్వండి.